మూడవ నిమిషం

మొదటి మూడు నిమిషాలలో ఏమీ జరగదు. ఏమీ జరగలేదన్న సంగతినే అరనిమిషానికి ఒకసారి శ్రద్ధగా వ్రాసుకోవాలి. ఈ మాటను లూపె ఇదే బల్ల వెనుక నిలబడి ముప్పై ఎనిమిది సంవత్సరాలు చెప్పింది. ఉద్యోగ విరమణ చేసిన ఎనిమిదేళ్ళకు, కెమిస్ట్రీ చెప్పే అమ్మాయి ప్రసవానికి వెళ్ళిందని ప్రిన్సిపాల్ స్వయంగా ఇంటికి వచ్చి అడిగితే, ఈ ఒక్క ఉదయం కోసం వచ్చి, ఒక్క అక్షరం మార్చకుండా మళ్ళీ చెప్పింది. నల్లని పొడుగు గౌను, దానిమీద మొగలి నారతో అల్లిన నడుము పట్టీ, మెడలో తాడుకు వ్రేలాడుతున్న స్టాప్‌వాచ్. ఎదురుగా ఆరుగురు పిల్లలు, మూడు జతలు, మూడు గాజు గ్లాసులలో ఏభై మిల్లీలీటర్ల చొప్పున మైలుతుత్తం నీళ్ళు, లోతుకు వెళ్ళిన కొద్దీ రేవు బయట సముద్రం ఏ రంగుకు తిరుగుతుందో ఆ నీలం. కాగితం పొట్లాలలో తూచిన జింకు పొడి. పరీక్షకు సంబంధించిన ప్రయోగం కనుక ఈ గదిలో ఇప్పుడు ఆమెకు బంధువులెవరూ లేరు. మూడవ జతలో థర్మామీటర్ పట్టుకుని నిలుచున్న లతాయ్ తన అన్న మనుమరాలే అయినా, "మామ్మా" అని నాలుక చివరి వరకు వచ్చిన పిలుపును మ్రింగి "టీచర్" అంటున్నది. ఆ పిల్ల పక్కన పెనిసొని. వాడు ఆ పిల్లకు ఏ వరుసా కాడు, అందుకే ఆ జతలో వేసింది. జతలు వేసేముందు ఎవరు ఎవరి పక్కన నిలబడకూడదో అడిగి తెలుసుకోవడం ఆమె ఈ బడిలో పెట్టిన పద్ధతి. ఎందుకు పెట్టిందో ఎవరికీ చెప్పలేదు. కిటికీ గాజు పలకల అవతల, చూరు క్రింద బల్లమీద కూర్చున్న ముసలాయన దగ్గాడు. రెండు చిన్న దగ్గులు, ఒక పెద్దది. ఆ దగ్గును ఆమె ఏ గుంపులోనైనా గుర్తుపట్టగలదు. ఎందుకంటే ఆ మనిషిని కళ్ళతో చూసినదానికంటే చెవులతో విన్నదే ఎక్కువ.

ఆయన హావెయా, ఆమె పెద్దమ్మ కొడుకు. పెద్దమ్మ కొడుకంటే అన్నే కదా. వారిద్దరూ ఒకే పెరటిలో, గుంటలో కాలిన రాళ్ళు పేర్చి మట్టి కప్పే ఒకే నేలపొయ్యిలో ఉడికిన పెండలం తిని పెరిగారు, ఆమెకంటే అతను నాలుగు నెలలు పెద్ద. పదేళ్ళు నిండేదాకా ఒకే చాప మీద పడుకున్నారు. నిండిన మరునాటి నుంచి, అన్నాచెల్లెళ్ళందరిలాగానే, ఒకరున్న గదిలోకి మరొకరు అడుగుపెట్టలేదు. అది కోపమూ కాదు, బిడియమూ కాదు, గౌరవం; చెల్లెలు లోపల ఉంటే అన్న బయట ఉంటాడు, అంతే. ఈ రోజు మనుమరాలిని వ్యానులో దింపి వెళ్ళిపోవచ్చు, వెళ్ళలేదు. ఎల్లుండి ఓడలో రాజధానికి, అక్కడి నుంచి ఆక్లండు ఆసుపత్రికి. గుండె కవాటం మార్చాలి, బ్రతికే అవకాశం సగం సగం అన్నాడట డాక్టరు. ఆ మాట కూడా ఆయన ఆమెకు చెప్పలేదు, చెప్పడు, లతాయ్ చెప్పింది, ప్రొద్దున మెట్లమీద, పుస్తకాల సంచి సర్దుకుంటూ: "తాత నవ్వుతున్నాడు మామ్మా. సగమంటే పాసు మార్కులకంటే ఎక్కువేగా అంటున్నాడు." పాసు మార్కులు. ఆ మనిషి నోట ఆ మాట. లూపె ఏభై ఒక్క సంవత్సరాలుగా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది, చెప్పడానికి ఇక రెండు రోజులున్నవి, చెప్పే దారి మాత్రం ఈ దీవిలో ఎవరూ వేసి పెట్టలేదు.

"సున్నా," అన్నది ఆమె, స్టాప్‌వాచ్ నొక్కి. "చదవండి."

"ఇరవై ఏడు," మూడు గొంతులు.

"అర."

"ఇరవై ఏడు."

కృతజ్ఞతలు తెలపడం రాని జాతి కాదు తమది. పెళ్ళికి, చావుకు, బడి ప్రారంభానికి, కొత్త పడవకు, పంది ఈనినందుకు కూడా ఎవరో ఒకరు నడుముకు చాప చుట్టుకుని లేచి నిలబడి, దేవుని నుంచి మొదలుపెట్టి, రాజుగారి మీదుగా, వంట చేసినవాళ్ళ వరకు వరుస తప్పకుండా పేరు పేరునా చెప్పుకుంటూ వస్తారు. కానీ చెల్లెలు అన్నకు చెప్పదు. ఒకటి, ఎదురుపడి మాట్లాడరు. రెండు, వరుసలో ఆమెదే పైచెయ్యి. హావెయా కొడుకు పెళ్ళిలో మేనత్త హోదాలో ఆమెను అందరికంటే ఎత్తున కూర్చోబెట్టి, అన్నిటికంటే పెద్ద చాప, అన్నిటికంటే పెద్ద బెరడు వస్త్రం ఆమె ఒడిలోనే పెట్టారు. తీసుకోవడమే ఆమె మర్యాద, థాంక్స్ చెప్పడం కాదు. ఆమె భర్త పోయినప్పుడు హావెయా మూడు రాత్రులు వాకిట్లో కూర్చుని పొయ్యి చూసుకున్నాడు, ఆమె వైపు తలెత్తకుండా. ఒకటిన్నర. ఇరవై ఏడు. ఆయనే ముందు పోతే, ఆమె తరపు పెద్ద ఒకాయన నిలబడి గొప్పగా మాట్లాడతాడు, అదీ ఎరుగును; పొగడ్తలో ఏ మాట ముందు వస్తుందో, ఏ మాట దగ్గర ఆడవాళ్ళు ఏడుస్తారో కూడా ఎరుగును. పెట్టెలో పడుకున్నవాడికి, ఇంకొకరి నోటితో. వద్దు. ఆ పద్ధతిలో మాత్రం వద్దు.

"రెండున్నర. జింకు పొట్లం విప్పి చేతిలో పెట్టుకోండి. మూడవ నిమిషంలో ఎవరూ కొలత చదవకూడదు."

"ఎందుకు చదవకూడదు టీచర్?" పెనిసొని. తెలియక కాదు, ఆమెచేత చెప్పించడానికి.

"ఆ క్షణంలో వేడి పుడుతూ ఉంటుంది, థర్మామీటరుకు ఇంకా అందదు. తరువాతి కొలతలన్నీ కలిపి గీత గీసి, ఆ గీతను వెనక్కి పొడిగించి, మూడవ నిమిషం దగ్గర ఎంత ఉండేదో తెలుసుకుంటాము. మీ నాన్నకు కూడా ఇదే చెప్పాను."

"మా నాన్న మీ దగ్గర ఫెయిలయ్యాడంట కదా టీచర్. నేనూ ఫెయిలైతే వంశం పేరు నిలబెట్టినట్టేనా?"

"మీ నాన్న జింకు తూచకుండా గుప్పెటతో పోశాడు. నీకు నేను తూచి ఇచ్చాను, ఆ సాకు నీకు లేదు. మూడు. వెయ్యండి."

పొడి పడింది. నీలం నీళ్ళు ఒక్కసారి మసకబారి, కలిపే గాజు కడ్డీలు గ్లాసులకు తగిలి గలగలమన్నవి. మూడు గ్లాసులలో రెండు, తెల్లని ఫోము కప్పులలో నిలబెట్టినవి. ఎలుకలు కొరికిన పెట్టెలో మిగిలినవి ఆ రెండే. మూడవదానికి అలమర అడుగు నుంచి ఆమె స్వయంగా తీసి దుమ్ము దులిపి పెట్టిన పీచుగూడు: ముదురు కొబ్బరికాయను పైనున్న పీచుతో సహా అడ్డంగా కోసి, లోపలి కాయ తీసివేసి, గ్లాసు సరిగ్గా కూర్చునేటట్టు గుంట చెక్కి, చుట్టూ కొబ్బరి తాడు బిగించి కట్టినది, మూతకు కూడా పీచే, థర్మామీటరుకు నడిమిన కన్నం. లతాయ్ దాన్ని చూసి ముక్కు చిట్లించింది: "ఇదేంటి టీచర్, వాళ్ళకి కప్పులు, మాకు కోడిగూడా?" మీ తాత చేసినదే అని చెప్పలేదు. చెబితే వెనుక నుంచి అంతా చెప్పవలసి వస్తుంది.

వెనుక నుంచి అంటే మిస్టర్ కార్మొడీ నుంచి. డెబ్బై ఒకటవ సంవత్సరంలో న్యూజిలాండు నుంచి వచ్చిన ఇరవై మూడేళ్ళ కుర్ర మాస్టారు, ముక్కుమీద ఎర్రటి మచ్చలు, తలమీద ఎప్పుడూ తడి రుమాలు, మంచివాడు, అందులో సందేహం లేదు. ఈ దీవికి రసాయన చర్యల వేడి లెక్కను, ఎంథాల్పీ అన్న మాటను తెచ్చిన మనిషి ఆయనే. చర్యలో పుట్టిన వేడి గ్లాసును, గాలిని, నీ వేళ్ళను కూడా వేడిచేసి పోతుంది, పోయిందంటే లేదని కాదు అని ఆయన చెప్పినప్పుడు, పదిహేడేళ్ళ లూపెకు ఒంటిమీద రోమాలు లేచి నిలబడ్డవి. నేలపొయ్యి మూసిన తరువాత మట్టిమీద అరికాళ్ళు పెట్టి నిలబడినప్పుడు తెలిసేది అదే కదా అనిపించింది. ఆయన ఎరగనిది ఒక్కటే. హాజరు పట్టీలో పక్కపక్కన ఉన్న పేర్లు చూసి జతలు వేశాడు: హావెయా, లూపె. ఒకరు థర్మామీటరు, ఒకరు గడియారం, ఒకే బల్ల, మోచేతులు తగిలేంత దగ్గర. గది మొత్తం నేలచూపులు చూసింది. వీళ్ళు అన్నాచెల్లెళ్ళండీ అని ఒక్కరు చెబితే సరిపోయేది. కానీ వాళ్ళిద్దరూ వింటూ ఉండగా వాళ్ళ వరుస ఎత్తి మాట్లాడడం కంటే నాలుక కోసుకోవడం మేలనుకునే పిల్లలు వాళ్ళందరూ. మాస్టారు నల్లబల్లవైపు తిరిగి ఉండగా హావెయా బల్లమీద ఉన్న గడియారం తీసుకుని బయటికి నడిచాడు, కిటికీ అవతల గోడకు వీపు ఆనించి నిలబడి, గాజు పలకల సందుల్లోంచి గట్టిగా అన్నాడు: "అర."

అంతే, సమస్య తీరిపోయింది. అతను బయట కాలం చెబుతాడు, ఆమె లోపల వేడి చదువుతుంది. ఒకరి ముఖం ఒకరు చూడనవసరం లేదు, ఒకరితో ఒకరు మాట్లాడుకున్నట్టూ కాదు, అతను గడియారంతో మాట్లాడుతున్నాడు, ఆమె కాగితంతో. అతని గొంతు అప్పుడప్పుడే బరువెక్కుతున్నది, "అర" అన్నచోట కొద్దిగా చీలేది. మొదటి రోజు ఉత్త గాజు గ్లాసుతో కొలత మరీ తక్కువ వచ్చింది; మరుసటి వారం కిటికీ గట్టుమీద పీచుగూడు ఉన్నది, ఎవరు పెట్టారో ఎవరూ అడగలేదు, వేడిని ఎట్లా దాచాలో ఆ ఇంట్లో పిల్లలకు ఒకరు నేర్పనక్కరలేదు. కార్మొడీ దాన్ని చేతిలో త్రిప్పి త్రిప్పి చూసి, "అద్భుతం! నీ ఆలోచనేనా లూపె?" అన్నాడు. ఆమె తల వంచుకున్నది. దాన్ని ఆయన వినయమనుకున్నాడు. బయట నుంచి "నాలుగున్నర" అని వినిపిస్తే చిరాకుపడి, "ఎవరో అక్కడ కొబ్బరికాయలు లెక్కపెడుతున్నారు, కాస్త దూరంగా పోయి లెక్కపెట్టుకోమనండి" అన్నాడు, క్లాసంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మూలిగింది, తరువాత ఆయన పట్టీ తెరిచి, కలం మూత తీసి, "నీ జతగాడు ఎక్కడ?" అని ఆమెను అడిగాడు, అడిగితే ఆమె—

"టీచర్."

అడిగితే ఆమె, చక్కని ఇంగ్లీషులో, తప్పులేని వాక్యంలో—

"టీచర్! కాలం ఆగిందా, మీరు ఆగారా?"

పెనిసొని. ఆరు ముఖాలు ఆమెవైపే. స్టాప్‌వాచ్ అయిదు నిమిషాల నలభై సెకండ్లు చూపుతున్నది. నాలుగు తరువాత ఆమె పిలవనే లేదు. మూడు కొలతలు పోయినవి, సరిగ్గా వేడి తలకెక్కి దిగే చోట, గీతకు ప్రాణమైన చోట.

"నోర్ముయ్యరా," అన్నది లతాయ్, పళ్ళ సందున.

"నేనేమన్నాను? మర్యాదగానే అడిగాను. 'ఆగారా' అన్నాను, 'ఆగావా' అన్లేదు."

పిల్లలు నవ్వారు. లూపె నవ్వలేదు. ఈ గదిలో ఆమె ఏనాడూ ఒక అరనిమిషం తప్పిపోలేదు. తుఫాను వచ్చి పైకప్పు రేకు లేచిన రోజున కూడా, అందరినీ బల్లల క్రిందికి పంపి, తాను మాత్రం ఏడున్నర, ఎనిమిది అని పిలుస్తూనే ఉన్నదని ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. ఆమె స్టాప్‌వాచ్ ఆపింది. "తప్పు నాది," అన్నది. ఈ గోడలు ఆమె నోట ఎన్నడూ వినని మాట అది. చెప్పిన తరువాత గదిలోకి కిటికీ పలక ఒకటి పక్కకు జరిగినంత గాలి వచ్చినట్టయింది. "పారబోసి గ్లాసులు కడగండి. మళ్ళీ చేద్దాము. రెండు సార్లకు సరిపడా తూచి ఉంచాను."

వాళ్ళు తొట్టి దగ్గర తోసుకుంటూ కడుగుతున్నారు. ఆమె కుర్చీలో కూర్చున్నది. తప్పు నాది. ఎంత చిన్న మాట. ఆ రోజు కార్మొడీ అడిగినప్పుడు ఈ మాట కాదు ఆమె అన్నది. నీ జతగాడు ఎక్కడ అంటే, "ఇక్కడ లేడు సార్" అన్నది. అబద్ధం కాదు, గది లోపల అతను లేడు. అన్న గురించి పరాయి మగవాడితో అంతకు మించి మాట్లాడడం మర్యాద కాదు, ఇంగ్లీషులో అంతకు మించి వాక్యం సిద్ధంగానూ లేదు. నాలుగు ప్రయోగాలు, నాలుగు సార్లు అదే ప్రశ్న, నాలుగు సార్లు అదే సరైన జవాబు. ఆ సంవత్సరం చివర పెద్ద పరీక్షకు హావెయా పేరు రాలేదు. పెండలం తోటకు మనిషి కావాలి కదా, వాడికి చదువుమీద మనసు లేదు అన్నారు పెద్దలు, అతను కాదనలేదు. ఆమెకు మొదటి స్థానం వచ్చింది, సూవా విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది. రేవులో ఆమె పెట్టెను ఓడ ఎక్కించింది అతనే, అటుచివర నుంచి ఎక్కించి ఇటుచివరకు రాకుండా వెళ్ళిపోయాడు. పెట్టె మీద ఒక బుట్ట, ఆకుల్లో చుట్టిన పెండలం ముక్కలు, రెండవ రోజు సముద్రం మధ్యలో విప్పితే ఇంకా గోరువెచ్చగా ఉన్నట్టనిపించింది, ఉండవు, ఉండడానికి వీలులేదు, శాస్త్రం చదివిన మనిషి ఆమె, అయినా అట్లాగే జ్ఞాపకం.

టీచరుగా తిరిగివచ్చిన మూడవ ఏడు, పాత అలమర ఖాళీ చేస్తుంటే ఆ హాజరు పట్టీ దొరికింది. హావెయా పేరుకు ఎదురుగా, ఆకుపచ్చ సిరాతో, నాలుగు గైరుహాజరులు. క్రింద ఒక వాక్యం: నాలుగు ప్రయోగాలకు రానందున పరీక్షకు అర్హుడు కాడు. తలుపు గడియ పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నదో ఇప్పుడు గుర్తులేదు. గడియారం చేతపట్టుకుని, గోడకు వీపు ఆనించి, ఎండలో, నాలుగు సార్లు, పది నిమిషాల చొప్పున నిలబడిన మనిషి. గైరుహాజరు. అతనికి తెలుసా? తెలియకుండా ఎట్లా ఉంటుంది. ప్రిన్సిపాల్ పిలిచి చెప్పి ఉంటాడు, ఒక్క మాటతో సరిదిద్దగలిగి ఉండేవాడు, ఆ ఒక్క మాటా ఏమిటి? 'మా చెల్లెలు అబద్ధం చెప్పింది' అనే కదా. అనలేదు. వెళ్ళి పెండలం పాతుకున్నాడు, తరువాత వెనిలా వేశాడు. దీవి మొత్తంలో మేలైన వెనిలా అతనిదే అంటారు, కాయలను ఎండలో పెట్టి, కంబళ్ళలో చుట్టి, పెట్టెల్లో వేడి పోకుండా చెమట పట్టించి, ఏ గంటకు తీయాలో చెంపకు ఆనించి చెప్పగలడట. ఆ సంగతి విన్నప్పుడల్లా ఆమెకు గర్వం, ఆ గర్వం క్రింద ఇంకేదో. పట్టీని ఆమె దిద్దలేదు. అధికారిక పత్రాన్ని సాక్షి లేకుండా దిద్దకూడదు. ఆమె నియమం తెలిసిన మనిషి. బీరువాలో దాచింది. ప్రతి ఏడూ పిల్లలచేత గీతను మూడవ నిమిషం వరకు వెనక్కి గీయిస్తూ, అక్కడ తన పెన్సిలు మొనను ఒక్క క్షణం ఎక్కువసేపు ఆనించేది. ఎవరూ చదవని ఆ కొలతే అసలైనది. తన డిగ్రీ, తన జీతం, తన పేరు, ఈ గదిలో వెలిగిన పిల్లలు, ఆక్లండులో డాక్టరు అయిన పిల్ల, ఓడ ఇంజనీరు అయిన పిల్లవాడు, అన్నీ తరువాతి కొలతలు. కొంచెం కొంచెం చల్లారుతూ వచ్చినా, వెనక్కి గీసుకుంటూ పోతే ఎక్కడికి చేరుతుందో ఆమెకు ఎప్పుడూ తెలుసు.

దగ్గు. రెండు చిన్నవి, ఒక పెద్దది. ఆ తరువాత ఊపిరి అందుకోవడానికి పట్టిన నిశ్శబ్దం, క్రిందటి నెలకంటే పొడుగు.

లూపె లేచింది. మెడలోని స్టాప్‌వాచ్ తాడు తీసింది. జుట్టులో చిక్కుకుంటే లాగింది.

"లతాయ్. దీన్ని తీసుకెళ్ళి బయట కూర్చున్న పెద్దాయనకు ఇవ్వు. అరనిమిషానికి ఒకసారి గట్టిగా చెప్పాలి, పది నిమిషాలు. వీలవుతుందేమో అడుగు. ముందు అడుగు, తరువాత ఇవ్వు."

"తాతకా?" పిల్ల కళ్ళు పెద్దవి చేసింది. "తాత కళ్ళజోడు వ్యానులో ఉండిపోయింది మామ్మా... టీచర్."

"అంకెలు పెద్దవే. వెళ్ళు."

మిగిలిన అయిదుగురూ కదలడం మానేశారు. చెల్లెలు లోపల ఉండగా అన్నకు కబురు వెళ్ళడమంటే ఏమిటో వాళ్ళకు తెలుసు. ఈ కాలం పిల్లలే, ఇళ్ళల్లో ఒకే టీవీ ముందు కూర్చునే పిల్లలే, అయినా తెలుసు. లూపె కిటికీకి వీపు పెట్టి నిలబడింది. మాటలు గాజు పలకల సందుల్లోంచి వచ్చినవి.

"తాతా, ఇది పట్టుకుని టైము చెప్పాలంట."

"ఎవరు చెప్పమన్నారు?"

"టీచర్."

"ఏ టీచరు?"

"మన మామ్మే."

చూరుమీద పావురం గోళ్ళ చప్పుడు. ఆమె తన గుండెను లెక్కపెట్టుకుంటున్నది, ఉపాధ్యాయురాలి అలవాటు, అరనిమిషానికి నలభై అయిదు, ఎక్కువ.

"ఎంతసేపు?"

"పది నిమిషాలు."

"పదేనా," అన్నాడు హావెయా. బల్ల కిర్రుమన్నది. లేచి నిలబడుతున్నాడు; గోడకు వీపు ఆనించిన చప్పుడు ఆమె వీపుకు తెలిసింది, నడుమ ఒక చెక్క గోడ. "జింకు మూడో నిమిషంలోనేనా, అదీ మార్చేశారా? అడుగు."

"మార్చలేదని చెప్పు," అన్నది లూపె, లతాయ్ ఇంకా లోపలికి రాకముందే, ఎవరితోనో అన్నట్టు, గదిలోని గాలితో అన్నట్టు.

పిల్ల పరుగెత్తుకు వచ్చి థర్మామీటరు పట్టుకున్నది. లూపె చెయ్యి చాపింది. "అది నాకు ఇవ్వు. నువ్వు వ్రాయి. పెనిసొనీ, నువ్వు కలుపు. వేడి నేను చదువుతాను. పర్యవేక్షకురాలు కొలత చదవవచ్చు. పత్రంలో ఆ సంగతి నమోదు చేస్తాను." నిజానికి అటువంటి నిబంధన ఉన్నదో లేదో ఆమెకు తెలియదు. తెలుసుకోకుండా మాట్లాడడం కూడా ఈ రోజే మొదలు.

"సున్నా," అన్నది బయటి గొంతు.

"ఇరవై ఏడు," అన్నది ఆమె. కొంచెం పెద్దగా, కిటికీ అవతలికి వినపడేటట్టు.

"అర." అక్కడే, సరిగ్గా ఆ చోటనే, గొంతు చీలింది. అప్పుడు వయసు వస్తూ చీలింది, ఇప్పుడు పోతూ.

"ఇరవై ఏడు."

ఏమీ జరగలేదు, ఏమీ జరగలేదు, ఇరవై ఏడు, ఇరవై ఏడు. ఏమీ జరగని ఆ మూడు నిమిషాలంత సుఖం ఆమె ఏ పండుగలోనూ ఎరుగదు. పెరటిలో సీమపనస ఆకు మీద పడిన వాన చప్పుడు, ఒకే చాపకు రెండు చివర్ల నిద్ర, పెద్దమ్మ ఇద్దరికీ ఒకే దువ్వెనతో తల దువ్వడం, అవన్నీ ఇరవై ఏడు దగ్గర నిలకడగా ఉన్నవి. "రెండున్నర. చేతిలో పెట్టుకోండమ్మా," అన్నాడు ఆయన, ఎవరూ చెప్పమనకుండానే, తరువాత, "మూడు!" పెనిసొని పొట్లం వంచాడు. నీలం కదిలింది. ఎవరూ చదవలేదు.

"మూడున్నర."

"ముప్పై మూడు పాయింటు రెండు."

"నాలుగు."

"ముప్పై అయిదు పాయింటు నాలుగు."

ఎక్కుతున్నది. పీచుగూడు చుట్టూ ఆమె ఎడమ అరచెయ్యి ఆనించి ఉన్నది. బయటికి ఏమీ తెలియడం లేదు, అంత గట్టిగా పట్టి ఉంచింది ఆ పీచు, అతను బిగించిన ఆ తాడు. నాలుగున్నర, ముప్పై ఆరు. అయిదు, ముప్పై ఆరు. అయిదున్నర, ముప్పై అయిదు పాయింటు ఎనిమిది; దిగడం మొదలయింది, ఎంత నిదానంగా, ఎంత మర్యాదగా దిగుతున్నది, అరనిమిషానికి రెండు పదవ వంతులు, ఒక్కసారి కూడా తొందరపడకుండా. నీలం పూర్తిగా పోయి నీళ్ళు తేటపడినవి, అడుగున గోధుమ రంగు రాగి. ఇటు ఆమె అంకె, అటు ఆయన అంకె, మధ్యలో గాజు పలకలు. పది నిమిషాలు, ముప్పై నాలుగు. అయిపోయింది.

లతాయ్ గీత గీసింది. నాలుక బయటపెట్టి, రూలు కర్ర ఆనించి, దిగుతున్న చుక్కలను వెనక్కి, మూడవ నిమిషం వరకు. "ముప్పై ఆరు పాయింటు ఎనిమిది, టీచర్. తొమ్మిది పాయింటు ఎనిమిది పెరిగింది." లెక్క కట్టింది, మళ్ళీ కట్టింది. "మోలుకు రెండు వందల అయిదు కిలోజౌళ్ళు. పుస్తకంలో రెండు వందల పదిహేడు. తక్కువొచ్చింది."

"తక్కువ రానీ. మిగిలినది ఎక్కడికి పోయిందో వ్రాస్తే చాలు."

"ఎంతొచ్చిందంట?" బయటి నుంచి.

లతాయ్ చెప్పింది.

"అప్పట్లో నూట తొంభై ఎనిమిదే వచ్చింది," అన్నాడు ఆయన మనుమరాలితో. ఏభై ఒక్క ఏళ్ళు ఆ అంకెను ఎక్కడ దాచుకున్నాడో. "మరి ఈసారి పెరగదూ. పీచు బాగా ఎండింది."

పెనిసొని ఫక్కున నవ్వాడు, అందరూ నవ్వారు, లూపె కళ్ళజోడు తీసి అద్దాలు తుడుచుకున్నది, చాలాసేపు తుడుచుకున్నది. తరువాత సంచిలో నుంచి, ప్రొద్దున ఎందుకు పెట్టుకుని వచ్చిందో తనకే తెలియకుండా పెట్టుకుని వచ్చిన పాత హాజరు పట్టీని తీసి, ఆకుపచ్చ సిరా ఉన్న పుట దగ్గర తెరిచి బల్లమీద పెట్టింది. ఆరుగురు సాక్షులు ఉన్నారు. కలం మూత తీసింది. నాలుగు గైరుహాజరులను ఒక్కొక్కటిగా, రూలు కర్ర ఆనించి, ఒకే గీతతో కొట్టివేసి, పైన నాలుగు సార్లు 'హాజరు' అని వ్రాసి, ప్రక్కన పొడి అక్షరాల సంతకం, తారీఖు. అంచున ఒక వాక్యం: కాలం చెప్పినది ఇతడే, కొలత పాత్ర చేసినది ఇతడే, సాక్ష్యం చెప్పవలసిన నేను చెప్పలేదు. సిరా ఆరేవరకు ఊది, పట్టీని లతాయ్ చేతికి ఇచ్చింది.

"ఆయనకు చూపించు. చదివి వినిపించు, కళ్ళజోడు లేదన్నావు కదా."

పిల్ల వెళ్ళింది. లోపలివాళ్ళకు ఆమె చదువుతున్న గొంతు మాత్రం అందింది, మాటలు అందలేదు. చివరి వాక్యం దగ్గర ఆ గొంతు ఆగి, మళ్ళీ సాగింది. ఆపైన దగ్గు లేదు. లూపె కిటికీ వైపు తిరగలేదు. బల్లమీద గోధుమ రంగు రాగి, తేట నీళ్ళు, వాటిలో ఇంకా నిలబెట్టి ఉన్న థర్మామీటరు. ఇక కడిగి పెట్టవలసినదే. పిల్లలు సంచులు సర్దుకుంటున్నారు.

"పన్నెండు," అన్నాడు హావెయా బయటి నుంచి.

స్టాప్‌వాచ్ ఆయన ఆపలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు.

లూపె వంగి, కళ్ళజోడు సర్దుకుని, చదివింది. "ముప్పై మూడు పాయింటు రెండు."

"పన్నెండున్నర."

"ముప్పై మూడు," అన్నది ఆమె, పీచుగూడు మీద చెయ్యి తీయకుండా.